నడిమధ్యలో ఆగిన ముల్లు

నందివెలుగు,
ఆదివారం.

అన్నయ్యకు,

తమ్ముడు శేషు దణ్ణాలు పెట్టి రాస్తున్న కబుర్లు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోను చేద్దామంటే మరమగ్గాల చప్పుడుకి నీ చెవులు ఎప్పుడో పోయాయి. వదినకి చేస్తే, ఆవిడ నీకు అరిచి చెప్పేది వీధి వీధంతా వింటుంది. అందుకే ఈ కాగితం.

పోయిన ఉత్తరంలో ఒక్క మాట అడిగావు. నాంచారి సంవత్సరీకానికి వస్తావా, రావా అని. పెళ్లాం పోయిననాడు కంటతడి పెట్టనివాడు ఏడాదికి మాత్రం వస్తాడా అని మనవాళ్లు అనుకుంటున్నారని కూడా రాశావు. అనుకోనీ. చదివితే నాకు కోపం రాలేదు. ఈమధ్య నాకు ఏదీ రావడం లేదు. ముందు ఇక్కడి సంగతులు రాసి, ఆ తర్వాత దానికి జవాబు రాస్తాను.

పని బాగానే ఉంది. తెనాలిలో పాత పొక్లెయిన్లు కొని, బాగుచేసి అమ్మే మస్తాన్ గారి దగ్గరే ఉన్నాను. వైర్ల పని నాకు అప్పజెప్పారు. వేలితో తడిమి తెగిన పోగు పట్టుకోవడం మనకి పుట్టుకతో వచ్చిందే కదా, అది ఇక్కడ అక్కరకొస్తోంది. గది కూడా బాగానే ఉంది. వానలు పడి దోమలు పెరిగాయి, అంతే. మధ్యాహ్నం మస్తాన్ గారింటి నుంచి నాకూ క్యారేజీ వస్తుంది. కూర బాగుందా అని వాళ్లావిడ అడిగిస్తే, బాగుందనే చెబుతాను. నిజానికి తిన్నది పప్పో మాంసమో చెయ్యి కడుక్కునేసరికి గుర్తుండదు.

మొన్న రేపల్లె వైపు వెళ్లాం. మా దగ్గర పొక్లెయిన్ కొన్న రొయ్యల చెరువుల రైతు ఫోను మీద ఫోను చేశాడు. మేం వెళ్లేసరికి చెరువు గట్టు మీదే నిలబడి ఉన్నాడు.

"ఏంటండీ మస్తాన్ గారూ ఇది? గంట నడిపితే చాలు, ఇంజను పొగలు కక్కుతోందండి. మీటరు చూస్తేనేమో ముల్లు నడిమధ్యలో నవ్వుతా కూర్చుందండి!"

వేడి చూపించే సెన్సారు పోయిందనుకుని మస్తాన్ గారు కొత్తది తెచ్చారు. వేశాం. ముల్లు కదల్లేదు. నేను సెన్సారు ప్లగ్గే ఊడదీసి చూశాను. వైరు ఊడితే ముల్లు పడిపోవాలి కదా. అప్పుడూ మధ్యలోనే ఉంది. అంటే మీటరుకి కబురు వెళ్తున్నది ఇంజను నుంచి కాదన్నమాట. సీటు తీసి వైర్ల కట్ట వెంట వేలు పెట్టుకుంటూ పోతే, ఒకచోట టేపు కింద బియ్యపు గింజంత రెసిస్టరు తగిలింది. ఇది పాత ఓనరు చేసిన పని. ఉప్పునీటి గాలికి ప్లగ్గుల్లో చిలుము పట్టి ఊరికే బజరు మోగుతుంటే విసిగిపోయి, అసలు వైరు కోసేసి దాని బదులు ఇది అతికించాడు. ఇక ఇంజను తగలబడిపోతున్నా మీటరు మాత్రం బాగానే ఉందని చెబుతుంది.

నీకు నవ్వొస్తుంది. మనం చేసిందీ అదే కదా. పేక తెగితే మగ్గాన్ని ఆపే ఫోర్కుని, మాటిమాటికీ ఆగుతోందని తాడుతో కట్టేసేవాళ్లం. పేక తెగినా మగ్గం టకటకా ఆడుతూనే ఉండేది. చప్పుడు అదే, గుడ్డ మాత్రం రాదు. నాంచారి లోపలి నుంచి వచ్చి నన్ను తిట్టేది. "బావగారికంటే వినబడదు, నీకేమైంది? ఒట్టి మగ్గం ఆడిస్తున్నావేంటి?" అని.

రెసిస్టరు పీకేశాను. ప్లగ్గులో చిలుము గీకి, కోసేసిన వైరు కొసలు రెండూ దగ్గరికి తెచ్చి మెలిపెట్టాను. మెలిపెడుతూ ఎడమ చెయ్యి పక్కకి చాపాను. ఎందుకు చాపానో నాకే తెలియలేదు.

"ఏం కావాలి శేషూ?" అన్నారు మస్తాన్ గారు.

"బూడిదండి."

"వైరుకి బూడిదేంటయ్యా? చీర నేస్తున్నావా?"

రైతు కూడా నవ్వాడు. అచ్చు అతికేటప్పుడు, పాత పడుగు పోగుకి కొత్త పోగు మెలిపెడుతుంటే వేళ్లు జారకుండా, నాంచారి కొబ్బరి చిప్పలో బూడిద పెట్టుకునేది, నీకు తెలుసు. నేను సాయం కూర్చుంటే ఆ చిప్పని నా ఎడమ పక్కకి జరిపేది. అడగనక్కర్లేదు, చూడనక్కర్లేదు, చెయ్యి చాపితే ఉండేది. మొన్న చెయ్యి చాపితే ఇనప రేకు తగిలింది.

రైతు ఇంజను స్టార్టు చేశాడు. కాసేపటికి ముల్లు కదిలింది. మెల్లగా లేచి ఎర్రగీత దాటింది. బజరు చెవులు చిల్లులు పడేలా మోగింది. రైతు హడలిపోయాడు.

"కంగారు పడకండి, అరవనివ్వండి. ఇన్నాళ్లూ అరవకపోబట్టే కదండీ మీకీ తిప్పలు!" అన్నారు మస్తాన్ గారు.

ఆ బజరు మోగుతున్నంతసేపూ నేను సీటు తీసిన గుంటలో తల పెట్టి ఏడ్చాను అన్నయ్యా. ఎవరికీ వినబడలేదు. తర్వాత ఇంజను ఆపి చల్లారనిచ్చి చూస్తే రేడియేటరు నిండా బురద. కడిగేసరికి వేడి తగ్గింది. వాళ్లు టీ ఇప్పించారు. పంచదార ఎక్కువైందని నాకు తెలిసింది.

ఇక నీ ప్రశ్న. నీకు చెప్పలేదు గానీ, ఇదివరకు ఒకసారి ఇంటికి బయల్దేరాను. చీరాలకి టికెట్ కొనుక్కుని బాపట్లలో దిగిపోయాను. మన మగ్గాల షెడ్డులోకి వచ్చి నిలబడినా నాకేమీ అనిపించకపోతే ఎలా అని భయమేసింది. ప్లాట్‌ఫారం మీద కాసేపు కూర్చుని, మళ్లీ తెనాలి రైలు ఎక్కేశాను. ఈసారి దిగను. సంవత్సరీకానికి ముందు రోజే వస్తాను.

వదినకి ఒక మాట చెప్పు. ఆ కొబ్బరి చిప్ప షెడ్డు కిటికీలో ఉంటుంది, దులిపేటప్పుడు పారేయవద్దని. పెద్దమ్మకీ, మావయ్యకీ నా దణ్ణాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. నువ్వూ వదినా నన్ను చల్లగా ఉండమని దీవించండి.

ఈ కాగితం మొదట్లో నేను బాగానే ఉన్నానని రాశాను. ఏడాదిగా ప్రతి ఉత్తరంలో అదే రాస్తున్నాను, చెయ్యి అలవాటు పడిపోయింది. ఆ ముక్క కొట్టేసి చదువుకో. నేను బాగాలేనన్నయ్యా. స్టేషనుకి ఎవరినీ పంపకు, నువ్వే రా.

నీ తమ్ముడు,
శేషు