రోడ్డు మీంచి కనపడని చేను

శనివారం. పొద్దున ముసురు, పదింటికి తెరిపిచ్చింది. తడిసిన గడ్డిమోపులు గట్టు మీద ఆరేశాను.

రత్నం, నువ్వు పోయాక వచ్చిన మొదటి వరద ఇది. పంట నష్టం రాయడానికి ఇవాళ వ్యవసాయాధికారి వచ్చింది, చిన్నపిల్ల. ఎప్పటిలాగే జీపు రోడ్డు మీదే ఆగింది. రోడ్డు పక్క చేలు బాగానే ఉన్నాయి. మురుగుకాలువ పక్క పల్లంలో ఉన్న మన చేను అక్కడికి కనపడదు. ఇదివరకోసారి అప్పటి అధికారి "ఈ ఊళ్ళో నష్టం లేదు" అని రాసుకుపోతుంటే నువ్వు కుళ్ళిన వరిదుబ్బు పెరికి తెచ్చి జీపు మీద పెట్టావు. నేను సిగ్గుపడి దూరంగా నిలబడ్డాను.

ఈసారి నేనే వెళ్ళాను.

"వెనక చేలు కూడా చూడాలండీ."

"పైనుంచి చూశామండీ" అంటూ శాటిలైట్ బొమ్మ పరిచింది. నీళ్ళు నిలిచినచోటు నలుపు. మన పల్లమంతా నలుపే.

నీటిసంఘం అధ్యక్షుడు మీ అన్నయ్యే కదా, ఊరుకుంటాడా? "మా ఆవిడ ఆరేసిన చీర కూడా కనపడిద్దా అండీ?" అన్నాడు.

"చీర కనపడదండీ. వారమైనా నీళ్ళు తూము దాటలేదని కనపడుతోంది. పూడిక తీయించారా?"

చుట్టూ చేరిన రైతులందరూ నవ్వారు. మీ అన్నయ్య తలదించుకుని, రేపు పొద్దున్నే ఇంటికో మనిషి పార పట్టుకుని తూము దగ్గరికి రావాలన్నాడు. పూడిక తీస్తే వచ్చే పంటకు నీళ్ళు నిలవవు.

ఆ అమ్మాయి రైతు పేరు అడిగింది. పొలం ఇంకా నీ పేరునే ఉంది. చెప్పాను. జాబితాలో మొదటి పేరు నీదే.

పార పిడి వదులైంది. ముందు దాన్ని బిగించుకోవాలి.