ఫ్లెక్సీ మీద ఉన్నవి ఆనందబాష్పాలు కావు

అల్మాస్‌గూడ,
ఆదివారం.

శ్రీయుత విశ్వేశ్వరరావు గారికి,
సహాయాధికారి, సైనిక కుటుంబాల సహాయ కేంద్రం,
ఎల్.బి.నగర్.

అయ్యా,

విషయం: దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల దగ్గర తమరు కట్టించిన ఫ్లెక్సీ నుండి నా ఫోటో తొలగించుట, మరియు వచ్చే ఆదివారం జరుగు 'వీరపత్నుల సన్మానం' నుండి నా పేరు కొట్టివేయుట గురించి.

నౌకాదళంలో ఇంజిన్ మెకానిక్‌గా పనిచేయుచున్న శైలేందర్ భార్యనగు వాణి అను నేను తమరికి మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు ఫ్లెక్సీలో నేను ఏడుస్తున్నాను. నా ముఖం కింద 'భర్తను చూసిన వేళ వీరపత్ని ఆనందబాష్పాలు' అని తమరు రాయించారు. పక్కనే తమరు చేతులు జోడించి నవ్వుతున్నారు. నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌కు అదే దారి. నిన్న నా విద్యార్థిని ఒకతె "మేడమ్, మీరు ఫేమస్ అయిపోయిండ్రు" అని దాని ముందు నిలబెట్టి సెల్ఫీ అడిగింది. ఆ కన్నీళ్లు దేనివో ఆ పిల్లకు తెలియదు. తమరికి తెలుసు. తెలిసీ రాయించారు కనుకనే ఈ అర్జీ.

2. నా భర్త ఓడెక్కి వెళ్లేనాటికి నాకు మూడో నెల. బిడ్డకు పేరు కూడా అప్పుడే పెట్టేశారు, తన్మయి అని. "కొడుకు పుడితే?" అని మా అత్తమ్మ సుక్కమ్మ అడిగితే "ఆడబిడ్డనే పుడ్తది, రాసిపెట్టుకోయే" అన్నారు. దూరపు సముద్రంలో సరుకు ఓడలకు కాపలా కాసే పని. మొదట్లో ఒకటి రెండు రేవుల నుంచి ఫోన్ చేశారు. ఆ తర్వాత ఫోన్లు బంద్. ఇంటి నుంచి ఏ కబురైనా విశాఖ నౌకాదళ ఆఫీసు ద్వారా వెళ్లవలసిందే. ఆ సంగతి కనుక్కోవడానికి వచ్చినప్పుడు తమరు నాతో అన్న మాట ఇది: "మీరేం కంగారుపడకండమ్మా. ఏదున్నా నాకు చెప్పండి, విశాఖకి నేను చూసుకుంటాను. తలా ఒకళ్లూ ఫోన్లు చేస్తే అక్కడ గందరగోళం అయిపోద్ది."

నేను చదువుకున్నదాన్ని. అయినా నమ్మాను.

3. ఏడో నెలలోనే నొప్పులు వచ్చాయి. బిడ్డ పుట్టింది. దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్లి పక్క రంధ్రంలోంచి చెయ్యి పెట్టనిచ్చారు. నా వేలు పట్టుకుంది. సాయంత్రానికి వదిలేసింది.

మా మామ పోచయ్య పాపను తుర్కయంజాల్‌లోని మా చెలక పొలానికి తీసుకెళ్లి పూడ్చారు. అత్తమ్మ మాత్రం దవాఖాన నుంచి నేరుగా తమ ఆఫీసుకు వచ్చింది. "సారూ, నా కొడుక్కు జర కబురు పంపుండ్రి, బిడ్డ పోయిందని" అని తమ బల్ల పట్టుకుని ఏడ్చింది. "ఇప్పుడే పంపించేస్తానమ్మా, మీరెళ్లి కోడల్ని చూసుకోండి" అన్నారు తమరు.

4. నడవగలిగినాక నేనే వచ్చి అడిగాను. "చేరిందమ్మా. పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు, డ్యూటీ కదా" అన్నారు. తల వంచుకుని కూడా అన్నారు. తమరి దుఃఖం చూసి నాకే జాలి వేసింది.

ఆనాటి నుంచి నా భర్త ఒక్క మాట పంపుతారేమోనని చూశాను. రాలేదు. మొదట బాధపడ్డాను. తర్వాత అసహ్యించుకున్నాను. బిడ్డ పోయిందని తెలిసి కూడా నోరు విప్పని మనిషితో ఇక కాపురం ఏమిటి అనుకున్నాను. ఓడ వస్తున్నదని, కుటుంబాలు జెట్టీకి రావచ్చని విశాఖ నుంచి ఫోన్ వస్తే పోనన్నాను. అత్తమ్మే సంచి సర్ది నా చేతికిచ్చింది. "పో. ఆని మొఖం మీదనే అడుగు. ఇంట్ల కూసోని ఎందుకు కుళ్లుతవ్?" అంది.

కాబట్టి అయ్యా, నేను స్వాగతం పలకడానికి పోలేదు. కొట్లాటకు పోయాను.

5. జెట్టీ మీద బ్యాండు వాయిస్తున్నారు. పిల్లలు జెండాలు ఊపుతున్నారు. తెల్ల యూనిఫాంలో మనుషులు ఒక్కొక్కరే దిగుతున్నారు. నా భర్త నన్ను చూసి నవ్వుకుంటూ, దాదాపు ఉరుకుతూ వచ్చారు. ఆ నవ్వు చూడగానే నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నది ఇది: "మంచి పని చేసినవ్ వాణీ, గింత ఎండల పాపను తేకుంట. అమ్మ దగ్గరుందా?"

"నీకు తెల్వదా?" అన్నాను.

"ఏంది?"

చెప్పాను. బ్యాండు మోతలో వినబడలేదు. చెవి దగ్గరకు వంగి, ఇంకా నవ్వుతూనే, "ఏందే?" అన్నారు. రెండోసారి అరిచి చెప్పాను. అయ్యా, నా బిడ్డ చచ్చిపోయిందని నేను అంతమందిలో అరిచి చెప్పవలసి వచ్చింది. అప్పుడే ఆయన స్నేహితుడు ఒకడు వచ్చి "వదినా, పాప ఫోటో చూపియ్యు! నీ పెనిమిటి మాకందరికీ కేసరి తినిపిచ్చిండు" అన్నాడు. డాక్టరు చెప్పిన కాన్పు రోజు గుర్తుపెట్టుకుని, బిడ్డ పుట్టేసి ఉంటుందని, ఓడ వంటాయనతో కేసరి చేయించి అందరికీ పంచారట. అప్పటికి పాప మట్టిలో ఉంది.

ఎవరో పేపరు మనిషి ఫోటో తీసింది ఆ క్షణంలోనే. తమరి ఫ్లెక్సీ మీద ఉన్నది అదే.

6. తిరిగి వచ్చిన తర్వాత మేమిద్దరం తమ ఆఫీసుకు వచ్చాము. "రండి రండి, హీరోగారు!" అని తమరు లేచి చెయ్యి కలపబోయారు. నా భర్త చెయ్యి ఇవ్వలేదు. కబురు సంగతి అడిగారు. తమరు దాచలేదు, అది ఒప్పుకుంటాను. "చూడు బాబూ, సముద్రం మీద ఉన్నవాడికి అలాంటి వార్త చెబితే మనసు చెదిరిపోద్ది. నీ మంచికే ఆపాను. ఒకవేళ చెప్పినా నువ్వు వచ్చి చేసేదేముంది?" అన్నారు.

ఆయన "ఏం చేస్తుంటినో చేయకపోతుంటినో సార్, కేసరి అయితే పంచకపోతుంటి" అన్నారు.

తమరు టీ తెప్పించారు.

7. మా ఇంటి సంగతి కూడా చిత్తగించండి. ఆయన సెలవులో ఉన్నారు. చెలకకు పోయి పాపను పెట్టిన చోట రోజంతా కూర్చొని వచ్చారు. ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమంటారు. చెప్తాను. బిడ్డ ఎవరి పోలిక అని అడుగుతారు. ఆయన పోలికే. చివరికి ఒకటే మాట మీద ఆగుతారు: "ఆ సారు చెప్తే ఎట్ల నమ్మినవ్? నువ్వే విశాఖకు ఒక్క ఫోన్ ఎందుకు కొట్టలే?" ఆయన్ను నేను ఎంత అసహ్యించుకున్నానో ఇప్పటికీ చెప్పలేదు. ఆ అసహ్యం ఆయనది కాదు, తమరిది. తప్పు చిరునామాకు పోయింది. ఇప్పుడు సరైన చిరునామాకు పంపుతున్నాను.

కావున తమరు వెంటనే ఆ ఫ్లెక్సీ దింపించవలెను. సన్మానం జాబితాలో నా పేరు ఉండరాదు. నాకు శాలువా వద్దు, తమరి జాలి అసలే వద్దు. ఇక మీదట ఏ ఆడమనిషి అయినా తమ బల్ల ముందు నిలబడితే, పంపని కబురు పంపానని చెప్పకండి. "పంపను, పో" అనండి. ఆమె వేరే దారి చూసుకుంటుంది. ఏది ఎవరి మంచికో తేల్చడానికి తమరిని ఎవరూ ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు.

చిత్తగించవలెను, చిత్తమంటూ ఉంటే.

ఇన్నాళ్లూ తమ విధేయురాలు, ఇక కాదు,
వాణి

తా.క.: పైదంతా మా అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమెకు నచ్చలేదు. తన మాట కూడా రాయమన్నది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను:

"ఓ సారూ, నా కోడలు రానంటది, అది దానిష్టం. నేనైతే ఒస్తున్న. నా కొడుకును, మా ఆయనను ఎంబడి తోల్కొని ఒస్తున్న. నువ్వు శాలువాలు కప్పుకుంట ఉండు, నేను ముందట్నే కూసుంట. అందరి ముంగట నాకు మైకియ్యి. ఇయ్యకున్నా ఫికర్ లేదు. చెలకల గెట్టు మీదికెళ్లి పిలిస్తే ఊరంతకు ఇనబడే గొంతు నాది."