పదకొండు వంజరాల రోజు

మా అమ్మాయి వాళ్ళమ్మకి,

ఇక్కడ మేము బాగున్నాం, నువ్వూ అక్కడ వేళకి తిని పడుకుంటున్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. అమ్మాయి దాన్ని రెండుసార్లు పైకి చదివి, తన గురించి రాసిన కాగితం మాత్రం తీసి ఎక్కడో దాచేసుకుంది. అడిగితే ఇవ్వదు. కాబట్టి నీ ప్రశ్నలకి నాకు గుర్తున్నంత వరకే జవాబులు.

అమ్మాయి పన్ను ఊడింది. ఏడుపు ఊడకముందు ఒక పూట, ఊడాక ఒక పూట. వంటింటి కుళాయి బాగుచేశాను. నేనే చేశాను కాబట్టి ఇంకా కారుతోంది. మోకాలికి నువ్వు చెప్పిన మందు రాస్తున్నాను, గుర్తొచ్చిన రోజున. నేను వేటకి వెళ్ళే రోజుల్లో పక్కింటి టైలరమ్మ అమ్మాయిని తయారుచేసి బడికి పంపుతోంది. జడ అమ్మలా వేయలేదని రోజూ పేచీ. నీ నర్సు చదువు పూర్తవడానికి ఇంకా ఆరు నెలలు ఉన్నాయి కదా, ఈలోగా నేనే నేర్చుకుంటానేమో చూద్దాం.

"తమ్ముడు ఎలా ఉన్నాడు, ఇంకా ఆ షెడ్డులోనే కూర్చుంటున్నాడా?" అని చివర్లో అడిగావు. దానికి జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు. తీరిగ్గా కూర్చుని చదువు.

శనివారం నాడు మీ తమ్ముడు నాతో పడవెక్కాడు.

నమ్మవని తెలుసు. ఎడమ చేతి రెండు వేళ్ళు పోయినప్పటి నుంచి, అంటే ఈ మూడేళ్ళలో, వాడు రేవు మెట్టు దిగి నీళ్ళని తాకింది లేదు. షెడ్డులో కూర్చుని చేపల్ని మోసగించే బొమ్మ ఎరలు కడతాడు. గులాబి కుచ్చువి, వెండి రేకువి, ఒకదాన్ని మించి ఇంకొకటి. రేవులో సగం పడవలు వాడి ఎరలే లాగుతాయి. వాడు మాత్రం రాడు. పోయిన వారం అమ్మాయి షెడ్డులో వాడి పక్కన కూర్చుని ఉన్నట్టుండి అడిగింది.

"మామయ్యా, నువ్వు కట్టిన ఎరని చేప మింగుతుంటే ఎప్పుడైనా చూశావా?"

"లేదమ్మా."

"మరి బాగా కట్టావని నీకెలా తెలుసు?"

వాడు నవ్వేశాడు కానీ, ఆ మాట వాడిలో ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. శుక్రవారం, నాతో వేటకి వచ్చే పొడుగాయనకి నడుం పట్టేసిందని తెలిసి, వాడే ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, "రేపు నేను రానా బావా?" అన్నాడు. నేను సరే అన్నాను. సరే అనడానికి ఎందుకు అంత సేపు పట్టిందో వాడికి తెలియదు.

తెల్లగా తెల్లారాక బయల్దేరాం. గాలి పెద్దగా లేదు. పచ్చటి నీళ్ళు ఆగిపోయి నీలం నీళ్ళు మొదలయ్యే చోట గీత గీసినట్టు ఉంటుందని చెబుతుంటాను కదా, అక్కడికి చేరగానే వేగం తగ్గించి నాలుగు గాలాలూ వెనక్కి వదిలాం. రెండు దగ్గరగా, రెండు దూరంగా. నేను పడవ నడిపే చక్రం దగ్గర, వాడు వెనక. వాడు గ్లవ్స్ వేసుకున్నాడు. కాళ్ళ దగ్గర తాడు మెలిక ఒక్కటి కనిపించినా వంగి సర్దేవాడు. ఒక పద్ధతి కూడా పెట్టుకున్నాడు. నేను గేరు వేసే ముందు ప్రతిసారీ రెండు చేతులూ పైకెత్తి "చేతులు ఖాళీ బావా!" అని అరిచేవాడు. నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. ఆ ఎనిమిది వేళ్ళనీ ఎక్కువసేపు చూడలేక ముందుకి తిరిగేవాణ్ణి.

గంటసేపు ఏమీ లేదు. మీ తమ్ముడు ముఖం చిన్నబుచ్చుకుని, "ఎరలు బాలేవేమో" అన్నాడు. అప్పుడు కుడివైపు పిట్టలు నీళ్ళ మీదికి టపటపా దూకడం కనిపించింది, అంటే కింద చేపల గుంపు ఉన్నట్టే. పడవని వాటి అంచునుంచి తిప్పాను. మధ్యలోంచి వెళ్తే చేప బెదిరిపోతుంది. తిప్పీ తిప్పకముందే దూరపు గాలం కర్ర వంగి, రీలు గర్రుమంది.

"బావా! పడింది! నా గులాబిదానికే పడింది!"

ఆ గొంతు నేను విని మూడేళ్ళయింది. చేప పక్కకి వచ్చాక నేను కొక్కెం కర్రతో లేపాను. వంజరం. ఎండలో కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తోంది. దాన్ని ఐసులో పెట్టామో లేదో ఇంకో రెండు కర్రలు ఒకేసారి వంగాయి. ఇక అడక్కు. నీళ్ళు తాగడానికి కూడా తీరిక లేదు. ఒకటి పడవ దాకా వచ్చి తెంపుకుపోయింది. మీ తమ్ముడు దాన్ని దాని అమ్మానాన్నలతో సహా తిట్టాడు. మధ్యాహ్నానికి పదకొండు వంజరాలు. చివరిది వాడొక్కడే అరగంట లాగాడు. మూడు వేళ్ళ చేత్తో కర్ర పట్టుకుని, కుడి చేత్తో చుడుతూ, అది పరుగెత్తితే వదులుతూ, అలిసిపోతే చుడుతూ. నేను సాయం వస్తానంటే కళ్ళతోనే వద్దన్నాడు. పైకి లాగి పరిస్తే మన అమ్మాయి భుజం దాకా ఉంది.

వాడు చతికిలబడి, ఒళ్ళంతా చెమటతో, నన్ను చూసి నవ్వాడు.

"ఇవాళ జాగ్రత్తగానే ఉన్నాను కదా బావా?"

"ఉన్నావురా."

"ఆ రోజు కూడా ఇలా ఉండుంటే బాగుండేది."

నేనిక ఆగలేకపోయాను. వాడికి చెప్పిందే ఇప్పుడు నీకూ చెబుతున్నాను.

ఆ రోజు వాడు తాడు చేతికి చుట్టుకోలేదు. పెద్ద చేప పక్కకి వచ్చింది, వాడు గాలం తాడుని అరచేతిలో పట్టుకుని మెల్లగా లాగుతున్నాడు, ఎలా పట్టుకోవాలో అలాగే. పక్కనుంచి అల వస్తోంది. పడవ అడ్డం తిరుగుతుందని భయపడి నేను గేరు వేశాను. వెనక్కి తిరిగి చూడలేదు, కేక వేయలేదు. పడవ ఒక్క దూకు దూకింది. వదులుగా ఉన్న తాడు వాడి వేళ్ళ చుట్టూ బిగిసింది. ఇదీ జరిగింది.

ఆస్పత్రి వరండాలో నువ్వు పరుగెత్తుకొచ్చి ఎలా జరిగిందని అడిగావు. "తాడు చేతికి చుట్టుకున్నాడు" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. నువ్వు లోపలికి వెళ్ళి, "ఎన్నిసార్లు చెప్పానురా నీకు, ఎన్నిసార్లు" అని ఏడుస్తూ తిట్టావు. మత్తు దిగీ దిగకుండా ఉన్న వాడు "తప్పయింది అక్కా" అన్నాడు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. విని ఊరుకున్నాను. మూడేళ్ళూ అలాగే ఊరుకున్నాను.

పడవలో ఇదంతా విని వాడు నా వైపు తిరిగాడు.

"అయితే నేను చుట్టుకోలేదా?" అని అడిగాడు.

"లేదు."

"నీకు బాగా గుర్తుందా?"

"రోజూ గుర్తొస్తుంది."

వాడు గ్లవ్ తీసి చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అన్నం గిన్నె దించుతున్నా పడేస్తానేమోనని భయపడేవాణ్ణి బావా. నా చేతుల్ని నేనే నమ్మలేదు" అన్నాడు. కేకలేస్తే బాగుండుననుకున్నాను. వెయ్యలేదు. లేచి పడవ ముందు భాగానికి వెళ్ళి, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. రేవు వచ్చేదాకా లేవలేదు.

రేవులో మాత్రం సందడే సందడి. చేపల కొట్టు ఆవిడ ఐసుపెట్టె మూత ఎత్తి, "ఎరలు కట్టేవాడే వేటకొస్తే ఇక మిగతావాళ్ళంతా ఇంట్లో కూర్చుని బట్టలుతుక్కోవాల్సిందే" అంది. అందరూ వాడి వీపు తట్టారు. వాడు ఆవిడతో నవ్వాడు, అందరితో నవ్వాడు. నా వైపు చూడలేదు.

ఆదివారం రాలేదు. సోమ, మంగళవారాలు షెడ్డు తాళం వేసే ఉంది. వెళ్ళి తలుపు కొట్టాలని రెండుసార్లు వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఇవాళ పొద్దున్న నేను ఇంజనుకి నూనె పోస్తుంటే, వాడు మెట్లు దిగి వచ్చాడు.

"అక్కకి రాశావా?"

"ఇంకా లేదు."

"రాయి. అది నేను చెప్పకూడదు, నువ్వే చెప్పాలి."

అని తిన్నగా వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. "నువ్వు వెనక్కి వెళ్ళు బావా. తాళ్ళు నువ్వు చూసుకో."

వెళ్ళాను. ఇవాళ పడినవి రెండే, అవీ చిన్నవి. కానీ వాడు గేరు వేయబోయిన ప్రతిసారీ పూర్తిగా వెనక్కి తిరిగి, నేను రెండు చేతులూ ఎత్తేదాకా నా వైపే చూస్తూ ఆగాడు. అంతసేపు ఎవరైనా నన్ను చూడటం అదే మొదటిసారి అనిపించింది. సిగ్గేసింది. చేతులు మాత్రం దించలేదు.

క్షమించమని అడగడానికి కాదు ఈ ఉత్తరం. ఎంత కోపమొస్తే అంత కోపంతో రాయి, చదువుతాను. కానీ ముందు వాడికి రాయి. ఆ రోజు నువ్వు తిట్టిన తిట్లు వాడికి చెందాల్సినవి కావని నీ చేత్తో రాయి. నాకు తర్వాత రాద్దువుగాని.

ఇట్లు,
మీ ఆయన