ఆదివారం తెరుచుకున్న పెట్టె

నెయాఫు, మంగళవారం

చిరంజీవి సెమీసికి కలోలైని అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా, దొడ్లో పందులతో సహా.

మా వెనిల్లా రైతుల సంఘం ఆఫీసులో నువ్వు బీరువా మీద పెట్టి వెళ్ళిన నల్లపెట్టె భేషుగ్గా పనిచేస్తోంది. ఇదివరకు ఒక్క కాగితం కోసం నాలుగు కంప్యూటర్ల చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళం. ఇప్పుడు అన్నీ ఆ పెట్టెలోనే. పేరూ పాస్‌వర్డూ కంప్యూటరే గుర్తుపెట్టుకుని తలుపు తీస్తోంది. ఇదంతా నా అన్న కొడుకు చేశాడని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాను, అడగకపోయినా. మా చర్చి పాటలు కూడా గొంతుల వారీగా రికార్డు చేసి అందులోనే దాచాను. ఆఫీసులో సగం మంది మా బృందంలోనే ఉన్నారు కదా, వీలైనప్పుడు విని నేర్చుకుంటారని.

ఇక అసలు సంగతి. పెట్టెను ఎవరు ఎప్పుడు తెరిచారో ఆ పట్టీని సోమవారం సోమవారం గోడకు అంటించాలని మీ పెద్దాఫీసు కొత్త ఉత్తర్వు. నిన్న మా మేనేజరు సెటెఫానో గారు మొదటిసారి అంటించారు. అందులో ఏముందో తెలుసా? "కలోలైని, ఆదివారం, ఉదయం 5.10." ఆదివారం! గుంత పొయ్యి తప్ప ఈ దీవిలో ఏదీ పనిచేయకూడని రోజు! సెటెఫానో గారు మా చర్చి పెద్ద కూడానాయె. "ఏమ్మా కలోలైనీ, విశ్రాంతి దినాన కూడా ఆఫీసేనా?" అన్నారు, అందరి ముందూ. ఆ వేళకు నేను మంచం మీద ఉన్నాను. సాక్షి మీ మామయ్య. గురక పెడుతున్న మనిషి సాక్ష్యం ఎవరు వింటారు?

నెలాఖరుకు దీవిలోని చర్చిలన్నిటికీ పాటల పోటీ. ఇరవై రెండేళ్ళుగా మా బృందం ముందు నిలబడి పాడిస్తున్నదాన్ని. ఈ మచ్చ పోకపోతే నన్ను నిలబడనివ్వరు. వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. నేను ఫోన్లో మాట్లాడితే అవతలి దీవికి ఫోన్ లేకుండానే వినిపిస్తుందని మీ మామయ్య అంటాడు. ఓడలో పెండలం దుంపలు పంపాను. బుట్ట తేలిగ్గా ఉంటే సరంగును నిలదియ్యి.


నుకుఆలోఫా, శుక్రవారం

పూజ్యులైన అత్తయ్యకు సెమీసి నమస్కరించి రాసుకునేది. బుట్ట అందింది. తేలిగ్గానే ఉంది.

అత్తయ్యా, మీరు కంగారు పడకండి. మీ పేరూ పాస్‌వర్డూ కంప్యూటర్‌లో భద్రం చేశాను కదా, కరెంటు పోయి వచ్చినప్పుడు అది దానంతట అదే లేచి, మీ పేరు చెప్పి పెట్టెలోకి వెళ్ళిపోతుంది. అందుకు మీరు ఆఫీసులో ఉండక్కర్లేదు, మెలకువగా కూడా ఉండక్కర్లేదు. మొన్న ఆదివారం జరిగింది అదే. ఈ ఉత్తరం పాస్టరు గారికి చూపించండి, గొడవ తీరిపోతుంది. శనివారం వెళ్ళేటప్పుడు మీ కంప్యూటర్ ప్లగ్గు పీకేస్తే చాలు.

ఇట్లు,
మీ విధేయుడు సెమీసి

తా.క. సరంగు ఇంటికొచ్చి మరీ చెప్పాడు, ఈసారి పెండలం చాలా తియ్యగా ఉందట.


నెయాఫు, మంగళవారం

ఒరేయ్ సెమీసీ,

ఆశీస్సులు తర్వాత. నీ ఉత్తరం పాస్టరు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "అంటే నువ్వు పడుకుని, ఆదివారం నీ బదులు మెషిను చేత పని చేయిస్తున్నావన్నమాట" అన్నారు. "ఏడో రోజున నువ్వే కాదు, నీ దాసుడూ, నీ ఎద్దూ కూడా పని చేయకూడదని ఆజ్ఞ ఉంది కదమ్మా" అన్నారు. నువ్వు నన్ను గట్టెక్కిస్తావనుకుంటే, నా నెత్తిన ఎద్దును కూడా ఎక్కించావు.

సరే, శనివారం ప్లగ్గు పీకాను. నమ్మకం చాలక కీబోర్డు కూడా ఊడదీసి చాపలో చుట్టి ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాను. మరి సోమవారం పట్టీలో? "కలోలైని, ఆదివారం, ఉదయం 5.05." ఐదు నిమిషాలు ముందే వచ్చానట! అంటించిన సెటెఫానో గారి మొహం పాలిపోయింది. "మళ్ళీ వచ్చావా?" అన్నారు, దెయ్యాన్ని చూసినట్టు. సాయంత్రం పెద్దలంతా చర్చిలో కూర్చుని, ఇది తేలేదాకా కలోలైని బృందం ముందుకు రాకూడదని తేల్చేశారు. నా బదులు ఫూసి పాడిస్తుందట. ఆవిడ చెయ్యి ఊపితే ఈగల్ని తోలుతున్నట్టుంటుంది.

నేను వెనక వరసలో కూర్చుని ఏడ్చానురా. ఎవరూ చూడలేదు, విన్నారు.

నువ్వు చేసిన దాన్ని నువ్వే సరిచెయ్యి. లేకపోతే నీ పెళ్ళికి మేనత్తగా నేను అల్లి ఇవ్వాల్సిన చాపలు తేను, నేనూ రాను. మేనత్త లేని పెళ్ళి పెళ్ళే కాదని మీ నాన్న చెప్పే ఉంటాడు.

ఇట్లు,
కలోలైని (నిజమైనది)

తా.క. మంచం కింద కీబోర్డు మీద కోడి గుడ్డు పెట్టింది. ఏ అక్షరం మీదో రాయను, అది పాస్‌వర్డ్‌లో ఉంది.


నుకుఆలోఫా, శుక్రవారం

పూజ్యులైన అత్తయ్య పాదాలకు సెమీసి మొక్కి చేసుకునే విన్నపం.

తప్పు నాదే. మీ ఆఫీసులో కంప్యూటర్లు నాలుగు. ఏ మనిషి పేరు ఆ మనిషి కంప్యూటర్‌లో భద్రం చేయాలన్నది నేను చదువుకున్న పద్ధతి. మొదటి దాంట్లో మీ పేరు పెట్టాను. రెండో దాని దగ్గరకు వెళ్ళేసరికి చెయ్యి ఆడలేదు. మన ఆచారంలో ఇంట్లో అందరికంటే పెద్ద మేనత్తే కదా, నాన్న తోడబుట్టిన మీ పేరు పక్కన, మీతో సమానంగా ఇంకొకరి పేరు నా చేత్తో ఎలా కొట్టను? మా ఇంట్లో మీ పళ్ళెం పక్కన నాన్న పళ్ళెం కూడా పెట్టరు కదా. అందుకే నాలుగింట్లోనూ మీ పేరే పెట్టేశాను. కాబట్టి ఏ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా, పెట్టె దృష్టిలో వాళ్ళు కలోలైనియే. పట్టీ నిండా మీ పేరే ఉండి ఉంటుంది, ఆదివారం వరస తప్ప ఎవరూ చూసి ఉండరు.

ఇలా చేయండి. శనివారం నాలుగింట్లోనూ భద్రం చేసిన పేరు తీసేయండి. ఎలా తీయాలో ఈ కాగితం వెనక బొమ్మ గీశాను. తర్వాత ఎవరి పేరూ పాస్‌వర్డూ వాళ్ళ చేతే కొట్టించి, 'గుర్తుంచుకో' అన్న గడిలో టిక్కు పెట్టించండి. ఇక ఆదివారం వచ్చేది ఎవరో పట్టీయే చెబుతుంది.

ఇట్లు,
క్షమించబడగోరే సెమీసి

తా.క. పెళ్ళికూతురికి మీ కబురు చెప్పాను. నేను రాకపోయినా ఫరవాలేదు గానీ మీ చాపలు మాత్రం రావాలంది.


నెయాఫు, మంగళవారం

చిరంజీవి సెమీసికి అత్తయ్య మనసారా ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే చేశాను. అందరికంటే హుషారుగా పేరు కొట్టింది సెటెఫానో గారే. నిన్న కళ్ళజోడు లేకుండానే పట్టీ అంటించి, నా వైపు తిరిగి, "ఈ వారమైనా..." అని మొదలుపెట్టారు. "మీరే చదవండి" అన్నాను. కళ్ళజోడు పెట్టుకున్నారు. "సెటెఫానో, ఆదివారం, ఉదయం 5.08."

నన్ను వెనిల్లా బస్తాల వెనక్కి పిలిచి చెప్పారు. రెండు నెలల కిందట సాధనలో నేను, "సెటెఫానో గారూ, మీ గొంతు పడవను ఇసుకలో ఈడ్చినట్టుంది" అన్నానట. అందరూ నవ్వారట. ఇంట్లో పాడితే పిల్లలూ నవ్వారట. అందుకని ఆదివారం తెల్లవారకముందే వచ్చి, పెట్టెలో మగగొంతు పాట పెట్టుకుని ఒక్కరే నేర్చుకుంటున్నారు. మొదటి పట్టీలో నా పేరు చూసి, నేను చాటుగా వచ్చి విన్నాననుకున్నారు. నేను ఊరంతా చెప్పేలోపే నా నోరు మూయించాలని ముందు నన్ను అడిగేశారు. రెండో ఆదివారమైతే నేనెక్కడున్నానో అని బస్తాల వెనకంతా వెతికి మరీ పాడారట!

నవ్వుతూనే ఉన్నాను గానీ నాకు సిగ్గేసింది. అంత మనిషిని పదిమందిలో అలా అనకూడదు. క్షమించమన్నాను. ఆయన మాత్రం అంతటితో ఊరుకోలేదు. పాస్టరు గారి దగ్గరకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పారు. పాస్టరు గారు పొట్ట పట్టుకుని నవ్వి, దేవుడి పాట నేర్చుకోవడం పని కాదు, ప్రార్థనే అన్నారు. సాయంత్రం బృందం అందరి ముందూ సెటెఫానో గారే నా చెయ్యి పట్టుకుని ముందు నిలబెట్టారు. ఫూసి చప్పట్లు కొట్టింది. అవి కూడా తాళం తప్పాయి.

నీ పెళ్ళికి ఆరు చాపలు అల్లడం మొదలుపెట్టాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. నిన్న సెటెఫానో గారి చేత పాడించి చూశాను. రెండు నెలల సాధన తర్వాత పడవ ఇసుకలోంచి కదిలింది గానీ, నీళ్ళలోకి ఇంకా రాలేదు. రికార్డుతో అయ్యే పని కాదిది. వచ్చే సోమవారం పట్టీలో "కలోలైని, ఆదివారం, ఉదయం 5.10" అని కనబడితే నువ్వు కంగారు పడకు. ఈసారి అది నేనే.