నూనె రాసిన అతుకు

శనివారం, రాత్రి

నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఒక కాలు పొట్టిగా ఉన్న యాకూబ్‌కు అందేలా, ఇంటి వెనక షెడ్డులో రెండు నెలలుగా కడుతున్న సైకిల్ బండి ఫ్రేముకు ఇవాళ చివరి అతుకు, హ్యాండిల్ గొట్టం దగ్గర. వెల్డింగుకు ముందు ప్రార్థన చేసి, రోగుల నుదుటికి రాసినట్టే ఆ ఇనుముకు అభిషేక తైలం రాశాను. తుడవాలని తెలుసు. ప్రార్థించిన నూనెను పాత గుడ్డతో తుడవడానికి చేయి రాలేదు. నూనె మీద వెల్డింగ్ నిలుస్తుందా? పొగ లేచింది, అతుకంతా జల్లెడ. కోసి మళ్లీ చేయాల్సింది పోయి, లప్పం నింపి నల్లరంగు కొట్టాను.

సాయంత్రం యాకూబ్ వచ్చి నిమిరి చూశాడు. "అద్దం లెక్కున్నది పాస్టరన్నా! నువ్వు చేసినవంటే ఇగ ఫికర్ లేదు. బిడ్డను ఎనుక కూసోబెట్టుకొని ఘన్‌పూర్ పోత."

"అంతా ప్రభువు కృప" అన్నాను. ఛీ! పోయిన ఆదివారమే సున్నం కొట్టిన సమాధులంటూ వేషధారుల మీద బల్ల గుద్ది అరిచిన నోరు ఇది.

అతను వెళ్లగానే నా భార్య సుగుణ అంది: "లప్పం నువ్వు పెట్టి, పేరు దేవునిది చెప్తవా? జర సిగ్గుండాలె."

సుత్తి తీసుకున్నాను. రెండో దెబ్బకే గొట్టం ఊడి కాళ్ల దగ్గర పడింది. యాకూబ్ బిడ్డకు ఆరేళ్లు.

రేపు యాకూబ్ ముందు వరుసలోనే కూర్చుంటాడు. వాక్యం తీయకముందే ఈ గొట్టాన్ని బల్ల మీద పెట్టి నిజం చెప్పాలి. చెప్తానా? ఇప్పటికైతే సంచిలో, గ్రంథం పక్కన పెట్టాను. సంచి బరువుగా ఉంది...