కౌలు రైతుకూ కరువు సాయం

వాటర్లూ,
18 నవంబరు 2022

సరోజన పిన్నికి మృదుల నమస్కారాలు. ఫోన్‌లో చెబితే ట్రాక్టరు మోతలో సగమే వింటావని కార్డు రాస్తున్నాను. నేను బాగున్నాను, బెంగపడకు.

నేను పార్ట్ టైమ్ చేసే పల్లెటూరి కౌంటీ ఆఫీసులో ఎంత మంచి పని జరిగిందో! వానల్లేక మొక్కజొన్న ఎండిపోయిన రైతులకు ఇక్కడ ప్రభుత్వం సాయం ఇస్తోంది. ఎవెలిన్ అని అరవై ఏళ్లావిడ, నీలాగే కౌలుకు చేస్తుంది. నోటిమాట కౌలు, కాగితం లేదని ఆవిడ అప్లికేషన్ రెండుసార్లు తిప్పి పంపారు. సోమవారం మళ్లీ వచ్చి నా బల్ల ముందు కూర్చుని ఏడ్చేసింది. నువ్వే కళ్లముందు కనిపించావు పిన్నీ! ఇంటికి పంపి విత్తనాల బిల్లులు, దక్కిన కాస్త పంట తూకం చీటీలు తెప్పించాను. అన్నీ ఆవిడ పేరునే ఉన్నాయి. మేనేజర్ లిండాకు చూపించి, "పంట వేసింది ఈవిడేనని తెలుస్తోంది కదా?" అన్నాను. లిండా రెండుసార్లు చదివి సంతకం పెట్టేసింది. ఈ రోజు డబ్బు పడింది! ఎవెలిన్ పరుగున వచ్చి నన్ను వాటేసుకుని, "నీకు సేద్యం ఎవరు నేర్పారు?" అంది. "మా పిన్ని" అన్నాను.

అవునూ, నీ కౌలు కార్డు మీద పొలం గలాయన సంతకం పెట్టాడా? పెట్టకపోతే బాబాయితో కలిసి మళ్లీ వెళ్లు. ఎరువుల బిల్లులు నీ పేరునే రాయించు, ఒక్కటీ పారేయకు. మినుములు చల్లారా? చింటు దగ్గు తగ్గిందా?

బాబాయికి దండాలు, చింటుకు ముద్దులు. ఆ పొలం గలాయన ముందు తలొంచుకుని నిలబడకు పిన్నీ, పండించేది నువ్వు.

మృదుల