గూడ్స్ షెడ్డులో నల్ల ఇసుక

1949 మార్చి 2

బావ ఇవాళ శ్రీకాకుళం నుంచి నేరుగా నేను గుమస్తాగా ఉన్న గూడ్స్ షెడ్డుకే వచ్చి పడ్డాడు. అక్కడ ఫొటో స్టూడియో పెట్టిన ఈ ఆరేళ్లలో వాడికి ఇంత కోపం ఎప్పుడూ చూడలేదు. నా షెడ్డు నుంచి విడిపించుకెళ్లిన పెట్టెలోని డజను గాజు ప్లేట్లతో పెళ్లి ఫొటోలు తీశాడట. కడిగితే అన్నీ మబ్బు! పెళ్లికూతురు లేదు, పెళ్లికొడుకు లేదు.

"పెట్టిని ఎండలో ఎట్టినారేటి బావా? నిజం సెప్పు."

ఎండ ఎక్కడిది... రేకుల కింద, గోడవార, భావనపాడు ఇసుక బస్తాల మీద పదకొండు రోజులుంది. దాని సీలు నా కళ్లతో చూశాను.

మార్చి 3

సీలు వేసిన పెట్టెలోకి వెలుతురు ఎలా దూరింది? పొద్దుట్నుంచి ఇదే.

మార్చి 5

ఇసుక ఆఫీసరు వచ్చాడు. కలకత్తా మనిషి, నాకంటే చిన్నవాడే. భావనపాడు తీరంలో గుడారం వేసుకుని నల్ల ఇసుక తవ్విస్తున్నాడు. నెలకి రెండుసార్లు ఎడ్లబళ్ల మీద బస్తాలు మా స్టేషన్‌కి వస్తాయి, ఇక్కడ రైలెక్కి ఏదో లాబొరేటరీకి పోతాయి. నాకు తెలిసింది అంతవరకే. మాటల్లో మాటగా ప్లేట్ల సంగతి చెప్పాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు!

ఆ ఇసుకలో థోరియం అనే పదార్థం ఉందట. కంటికి కనబడని కిరణాలు వదులుతుందట. అట్టపెట్టె, నల్ల కాగితం వాటికి అడ్డు కావట. జపాన్ మీద వేసిన బాంబు లాంటిదా అని అడిగాను. నవ్వాడు. కాదు, చాలా తక్కువ. ఎంత తక్కువైతే మనిషికి ఫరవాలేదో మాత్రం ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదన్నాడు.

రైల్లో దీన్ని మోయడానికి రూలేమైనా ఉందా అని ఇద్దరం కలిసి పుస్తకం తిరగేశాం. మందుగుండుకి ఉంది. యాసిడ్ జాడీలకి ఉంది. పచ్చి తోళ్లకి, బతికున్న కోళ్లకి కూడా ఉంది. దీనికి లేదు. "మోయించేది మీరు, షెడ్డు తెలిసింది మీకు. మీరే రాయండి, నేను పైకి పంపుతాను" అన్నాడు.

నేను! రూలు!

మార్చి 6

పరీక్ష పెట్టాం. ఆఫీసరు చెప్పిన పద్ధతే — ప్లేటుని నల్ల కాగితంలో రెండు మడతలు చుట్టి, దాని మీద నా బీరువా తాళంచెవి, దాని మీద దోసెడు నల్ల ఇసుక. మొత్తం చెక్కపెట్టెలో పెట్టి మూత. వారం రోజులు ముట్టుకోకూడదు. ప్లేటు ఇవ్వడానికి బావ సణిగాడు... "పన్నెండు సాల్లేదేటి, ఇంకోటి పాడు సేస్తావా?" ఇచ్చాడు. తన తప్పు కాదని తేలాలని వాడికి నాకంటే ఆత్రం.

మార్చి 9

ఇంకా నాలుగు రోజులు. వేరే పనిలో మనసు నిలవడం లేదు. పైడమ్మ షెడ్డు ఊడుస్తూ అడిగింది, "ఏటి బాబూ, కోడి పొదిగినట్టు ఆ పెట్టి కాడే కూకున్నారు?" పొద్దున్న మా షెడ్డు ఊడుస్తుంది, సాయంత్రం ప్లాట్‌ఫారం చివర వేడి మురీలు, అంటే మరమరాలు, అమ్ముతుంది. ఆమె నోటికి స్టేషన్ మాస్టరు కూడా జడుస్తాడు. పిల్లలు అవుతాయి, ఆగు అన్నాను.

మార్చి 13

తాళంచెవి!!

బావ చీకటి గదిలో ఎర్రదీపం ఒక్కటే. ప్లేటు మందులో వేశాడు. మొదట ఏమీ లేదు. తర్వాత చుట్టూ నల్లబడుతూ వచ్చింది, మధ్యలో తెల్లగా కమ్మి, పళ్లు, తల, అన్నీ! వెలుతురు లేదు, కెమెరా లేదు. ఇసుక తనంతట తాను నా తాళంచెవికి ఫొటో తీసింది. బావ నా భుజం మీద ఒక్క చరుపు చరిచాడు — "ఒరే బావా, పెళ్లి ఫొటోలు పోతే పోయినాయి గాని, ఇలాటిది నానెక్కడా సూడనేదు!" కోపం అంతా మర్చిపోయాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో తెలియదు.

మార్చి 14

రూళ్లు రాస్తున్నాను. రెండు వరసల సంచి. పాత సంచి పనికిరాదు, కుట్టులోంచి రాలుతుంది, నెల్లిమర్ల మిల్లు కొత్త గోనెలే కావాలి. తిండి గింజలున్న వ్యాగన్‌లో వేయకూడదు. ఫొటో సామాను దగ్గర అసలే వద్దు (ఇది బావ కోసం). షెడ్డులో విడిగా ఒక మూల, నేల మీద సున్నం గీత. హమాలీలు బస్తా మీద కూర్చుని చుట్ట కాల్చుకోకూడదు... ఇది మాత్రం ఎవడు వింటాడు? కొట్టేశాను. మళ్లీ రాశాను.

కింద నా పేరు రాసి చూసుకున్నాను. బాగుంది.

మార్చి 17

ఆరో రూలు: రాలిన ఇసుక ఊడ్చి డబ్బాలో వేసి, సీలు వేసి, బస్తాలతోనే పంపాలి. అది పైడమ్మకి చెప్పాను. చీపురు కింద పెట్టింది.

"ఊడిసింది నాది గదా బాబూ. మా అత్త కాలం నుంచీ అంతే గదా."

నిజమే. మా షెడ్డులో ఊడ్పు ఊడ్చిన మనిషిదే. బియ్యం, పెసలు, ఉప్పు, ఏది రాలితే అది. జీతం తక్కువ గనక అలా నడుస్తోంది. గింజలు నువ్వే తీసుకో, ఈ నల్ల ఇసుక మాత్రం వద్దు అన్నాను.

"నాకు అదే కావాల. ఏటొడ్డు ఇసక ఇట్టే సల్లారిపోతాది. ఇది బరువుగా ఉండి వేడి నిలబడతాది. మంగలంలో ఏసి బియ్యం పోస్తే మురీలు పువ్వుల్లాగ ఇచ్చుకుంటాయి. మీరే గదా పట్టుకుపో అన్నారు?"

అన్నాను. నాలుగు నెలల కిందట, బస్తా చిరిగి బుట్టెడు ఇసుక నేల మీద పడితే — ఊడ్చి పట్టుకుపో పైడమ్మా, అన్నది నేనే. ఆ తర్వాత రాలినప్పుడల్లా పట్టుకుపోయింది. ఆ మురీలు రోజూ నేను తింటున్నాను. స్టేషనంతా తింటోంది.

మార్చి 18

రెండు ప్లేట్లు. ఒకదాని మీద ఆమె మంగలంలోని ఇసుక, ఇంకోదాని మీద గుప్పెడు మురీలు. పైడమ్మ ఒకటే నవ్వు, "నా మంగలానికి ఫొటో తీస్తారేటి? సీర మార్చుకుని రానా?" నేనూ నవ్వాను.

మార్చి 21

మురీలు తినలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

మార్చి 25

ఇసుక ప్లేటు కాటుక. మురీల ప్లేటు ఖాళీ... అనుకున్నాం. బావ భూతద్దం పెట్టి చూశాడు. మూడు చుక్కలు. మురీకి అంటుకుని మూడు ఇసుక రేణువులు వచ్చినట్టున్నాయి.

"మూడే గదా బావా. బాగా జల్లించుకోమను, సరిపోతాది."

మూడే. కాని ఆ చుక్కలు కనిపించగానే ముందు నాకు కలిగింది ఆనందం. నా ఆరో రూలు ఎంత సరైనదో తేలిపోయిందని! రాయడానికి సిగ్గుగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మార్చి 26

ఆమె మంగలం ఇసుకంతా డబ్బాలో వేసి సీలు వేశాను. వంశధార ఇసుక రెండు బుట్టలు తెప్పించి ఇచ్చాను. సాయంత్రం మురీలు గట్టిగా, సగం విచ్చుకుని వచ్చాయి. రోజూ కొనేవాళ్లు నోట్లో వేసుకుని వెనక్కి చూస్తూ వెళ్లిపోయారు. పైడమ్మ మిగిలిన మురీలు గోనెలో పోసుకుని ఇంటికి పట్టుకుపోయింది.

మార్చి 30

ఉత్తరం! ఆఫీసరు దగ్గర్నుంచి! నేను రాసి పంపిన రూళ్లు ఒక్కటీ కొట్టేయలేదు. ఈ ఇసుక ఎక్కే ప్రతి స్టేషన్‌కీ పంపుతారట, రాసిన మనిషిగా నా పేరుతో సహా. స్టేషన్ మాస్టరుకి చదివి వినిపించాను. ఇంట్లో రెండుసార్లు చదివాను. మా ఆవిడ "ఇంక సాలు, అన్నం సల్లారిపోతంది" అంది. మూడోసారి నాలో నేను చదువుకున్నాను.

అప్పుడు కనిపించింది రెండో కాగితం. ఇంతవరకు రాలిపోయిన ఇసుక ఎంత, ఎక్కడికి పోయింది, తీసుకున్నదెవరు, తీసుకోనిచ్చిన ఉద్యోగి ఎవరు... గళ్లు గీసి పంపాడు. ఇది నింపి పంపితేనే రూళ్లు ముందుకి కదులుతాయట. ఆయన తప్పేమీ లేదు. నేనైనా అదే అడుగుతాను.

మార్చి 31

పైడమ్మకి చెప్పాను. నీ పేరు రాయాలి, పెద్దవాళ్లు వచ్చి అడగవచ్చు, ఊడ్పు పని ఉంటుందో ఊడుతుందో నాకే తెలియదు. నేను మాట్లాడుతున్నంతసేపూ కాగితంలో మురీలు పొట్లం కడుతూనే ఉంది.

"రాయండి బాబూ. ఎవులొచ్చినా నాను సెప్పుకుంటాను, దొంగతనం సేసినానేటి? ఇచ్చినోల పేరు గూడా రాస్తారు గదా?"

రాస్తానన్నాను.

ఇంటికొచ్చి కాగితం ముందేసుకున్నాను. పైడమ్మ పేరు రాయడానికి క్షణం పట్టలేదు. పక్క గడి 'తీసుకోనిచ్చిన ఉద్యోగి' దగ్గర కలంలో సిరా రెండుసార్లు ఆరిపోయింది. రేపు టపా పదింటికి.